వీల్‌చెయిర్‌తో అరసవల్లి, శ్రీకూర్మం వెళ్లిరావడం ఎలా?

పక్షవాతం వచ్చాక అమ్మ ఎనిమిదేళ్లుగా వీల్‌చెయిర్‌లోనే ఉంది. ఈ ఎనిమిదేళ్లలో ఆవిడను శ్రీకాకుళం దగ్గరి అరసవల్లి సూర్యుడి గుడికి, శ్రీకూర్మంలోని కూర్మనాథుడి గుడికి, కళింగపట్నం బీచ్‌కి ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్కలేదు. ఎక్కడికెళ్లినా జరిగేది ఒకటే. మెట్లు కనపడగానే నలుగురు పరుగున వచ్చి, ఒక్క మాటైనా అడక్కుండా, కుర్చీని తలో పక్కా పట్టుకుని లేపేస్తారు. వాళ్ల మనసు మంచిదే. కానీ మనుషులు కింద పడేది కూడా అక్కడే.

సామాను సంగతి తేలిక. మడతపెట్టే కుర్చీ, నడుముకు బెల్టు, కొలిచే టేపు, రెండు పాత గుడ్డలు, గొడుగు, నీళ్లు. అద్దెకు తెచ్చిన కుర్చీ అయితే బ్రేకులు, టైర్లలో గాలి ఇంటి దగ్గరే చూసుకోండి. బండి మాత్రం కారే, ఆటో వద్దు. ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపితే కుర్చీలోంచి నేరుగా అందులోకి మారిపోవచ్చు. రైల్లో వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో, శ్రీకాకుళం ఊళ్లో కాదు. అక్కడి నుంచి బండి ముందే మాట్లాడి పెట్టుకోండి.

అరసవల్లికి ఆదివారం వెళ్లొద్దు. సూర్యుడి వారం కాబట్టి ఆ రోజు జనం ఎక్కువ. రథసప్తమి నాడు, మార్చి, అక్టోబరు నెలల్లో కిరణాలు స్వామి పాదాలను తాకే రోజుల్లో అసలే వద్దు. మంగళవారమో బుధవారమో పొద్దున్నే వెళ్తే రాతినేల కాలకముందే దర్శనం అయిపోతుంది.

ముందురోజు ఇంట్లోంచి ఒకరు వెళ్లి చూసి రావాలి. మెట్లెన్ని, గుమ్మం వెడల్పెంత, బాత్రూం తలుపులోంచి కుర్చీ పడుతుందా, చక్రాలు తుడిస్తే లోపలికి రానిస్తారా, ఇవన్నీ తెలుసుకోవాలి. మా కుర్చీ వెడల్పు 25 అంగుళాలు, అందుకే టేపు లేకుండా నేనెక్కడికీ వెళ్లను. బాత్రూం సంగతి తేల్చకుండా బయల్దేరొద్దు. మొదటిసారి వెళ్లినప్పుడు మేమది చూసుకోలేదు. మాకు ఇబ్బంది అవుతుందని అమ్మ పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. ఆ సంగతి సాయంత్రానికి గానీ మాకు తెలియలేదు.

ర్యాంపు ఉందని ఎవరైనా చెబితే సరిపోదు, అది ఎంత వాలుగా ఉందో చూడాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలన్నది లెక్క. పొట్టిగా, నిటారుగా కట్టినది ర్యాంపు అనిపించుకోదు. తప్పక దాని మీదే దిగాల్సి వస్తే కుర్చీని వెనక్కి తిప్పి, మీరు కింద వైపు ఉండి, మెల్లగా దించండి.

ఇక మెట్లు. ఇక్కడ తొందరపడొద్దు.

ఎక్కేటప్పుడైనా, దిగేటప్పుడైనా కూర్చున్న మనిషి వీపు పై మెట్ల వైపు, ముఖం కింది వైపు ఉండాలి. ఎక్కేటప్పుడు ముఖం పైకి పెట్టి ముందుకు తోసేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. బలమైన మనిషి వెనక నిలబడి హ్యాండిళ్లు పట్టుకోవాలి. అంతకుముందే హ్యాండిళ్ల రబ్బరు తొడుగులు గట్టిగా లాగి చూడండి. అవి ఊడితే కుర్చీ చేజారినట్టే. రెండో మనిషి కింద మెట్టు మీద, కుర్చీకి ఎదురుగా నిలబడి ముందు వైపు ఇనుప చట్రాన్ని పట్టుకోవాలి.

చేతులు ఆనించుకునే పట్టీలను, కాళ్లు పెట్టుకునే పలకలను పట్టుకుని లేపొద్దు. చాలా కుర్చీలకు అవి ఊడి వచ్చేలా ఉంటాయి. ఒకసారి ఒక గుడి మెట్ల మీద సాయానికి వచ్చినాయన చేతిలోకి పట్టీ ఊడొచ్చింది. వెనక మా తమ్ముడు హ్యాండిళ్లు వదలకపోబట్టి అమ్మ దక్కింది.

బెల్టు పెట్టి, చేతులు ఒళ్లో పెట్టించి, కుర్చీని వెనక్కి వాల్చండి. బరువంతా పెద్ద చక్రాల మీదికి వచ్చాక ఒక్కో మెట్టూ దొర్లించాలి, గాల్లోకి ఎత్తకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకోండి. ‘ఒకటి, రెండు, మూడు’ అని కూర్చున్న మనిషే చెప్పాలి. మా ఇంట్లో అమ్మ చెబుతుంది, ఆవిడ చెప్పకపోతే ఎవరం కదలం. తర్వాతి కుదుపు ఎప్పుడొస్తుందో ఆవిడకు తెలిస్తే ఒళ్లు బిగబట్టుకోదు, టెన్షన్ సగం తగ్గుతుంది.

కుర్చీ కింద వదిలేసి మనిషిని చంకల్లో చేతులేసి ఎత్తుకెళ్దామనే పెద్దవాళ్లుంటారు. వద్దు. పక్షవాతం వచ్చిన చెయ్యి లాగితే భుజం కీలు జారుతుంది. పైగా నలుగురిలో అలా మోయించుకోవడం ఆ మనిషికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

శ్రీకూర్మంలోనూ ఇదే పద్ధతి. ఆ దగ్గర్లోనే ఉన్న పాత బౌద్ధ స్తూపాల చోటు సాలిహుండం కొండ మీద ఉంది కాబట్టి మొదటిసారి దాన్ని పెట్టుకోవద్దు, ఆ సమయం కళింగపట్నానికి ఇవ్వండి. ఇసుకలో ముందుకు తోస్తే చిన్న చక్రాలు కూరుకుపోతాయి. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందు వెళ్లేలా లాగండి. గట్టి ఇసుక చేరాక సముద్రం వైపు తిప్పి, బ్రేకులు వేసి, ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోనివ్వండి.

ఇంటికి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, ఆ రాత్రే చక్రాలు మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇరుసుల్లో రెండు చుక్కల నూనె వేయండి. ఉప్పునీటి తడి అలాగే ఉంటే ముందు చక్రాలు తుప్పు పట్టి తిరగవు.