ఆంగ్ల కవిపై పరిశోధన: జీవితాన్ని, భావాలను, కీర్తిని వేరు చేసి చదవడం ఎలా?

ఒక ఆంగ్ల కవిపై పరిశోధన మొదలుపెట్టేవారు ఆ కవి జీవితానికి, భావాలకు, కీర్తికి మూడు వేర్వేరు పుటలు కేటాయించుకోవాలి. మూడింటి ఆధారాలూ వేరు, కాలాలూ వేరు. జీవితచరిత్రలు ఈ మూడింటినీ ఒకే కథగా అల్లుతాయి కాబట్టే హాయిగా చదివిస్తాయి. పరిశోధకుడి పని ఆ అల్లికను విప్పి చూడడం.

ముందుగా తేదీల పట్టిక తయారుచేయాలి. పత్రికల కఠిన విమర్శే పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల కవి జాన్ కీట్స్‌ను పొట్టనబెట్టుకుందన్న ప్రచారాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆయన దీర్ఘకావ్యం 'ఎండీమియన్' 1818లో వెలువడింది. బ్లాక్‌వుడ్స్, క్వార్టర్లీ రివ్యూ పత్రికలు ఆ ఏడాదే దాన్ని దుయ్యబట్టాయి. అయితే ఆ అక్టోబరులోనే ఆయన తమ్ముడు జార్జికి రాసిన ఉత్తరంలో, మరణానంతరం తాను ఆంగ్ల కవుల సరసన ఉంటానన్న నమ్మకాన్ని ప్రకటించాడు. దగ్గరుండి సేవ చేసినా దక్కని మరో తమ్ముడు టామ్ డిసెంబరు 1న క్షయతో మరణించాడు. ఒక వస్తువునో భావాన్నో సంబోధిస్తూ సాగే ఆయన ప్రసిద్ధమైన ఓడ్‌లన్నీ 1819లో పుట్టాయి. కీట్స్ 1821 ఫిబ్రవరి 23న రోములో అదే వ్యాధితో కన్నుమూశాడు. ఇలా వరుసగా పేర్చి చూస్తే విమర్శకు, మరణానికి నడుమ ఆయన సృజనలో అత్యుత్తమమైన ఏడాది ఉందని తెలుస్తుంది.

మరి ఆ ప్రచారం ఎక్కడిది? సమకాలిక కవి షెల్లీ కీట్స్ మృతిపై 1821లో రాసిన స్మృతికావ్యం 'అడొనైస్' ముందుమాటలోనూ, మరో సమకాలిక కవి బైరన్ తన కావ్యం 'డాన్ జువాన్'లో విసిరిన చలోక్తిలోనూ దాని మూలాలు కనిపిస్తాయి. కాబట్టి దాన్ని జీవితం పుట నుంచి కొట్టివేసి కీర్తి పుటలో రాసుకోవాలి. అది అబద్ధమని పారేయడం తొందరపాటే అవుతుంది. పరుష వాక్యానికే రాలిపోయే సుకుమారుడిగా కీట్స్‌ను తరతరాల పాఠకులు ఊహించుకోవడానికి ఆ ప్రచారమే దోహదం చేసింది.

భావాల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కీట్స్ పేరు చెప్పగానే గుర్తొచ్చే 'నెగెటివ్ కేపబిలిటీ' (సందేహాలను, అనిశ్చితిని తర్కంతో తేల్చేయాలన్న ఆత్రుత లేకుండా వాటిలో నిలవగల శక్తి) అన్న మాట, మనకు దక్కిన ఆయన రచనల్లో ఒకే ఒక్కసారి, 1817 డిసెంబరులో తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. ఆ ఉత్తరం అసలు ప్రతి దొరకదు. జార్జి భార్యను తర్వాత పెళ్లాడిన జాన్ జెఫ్రీ రాసిపెట్టిన నకలే మనకు ఆధారం, పైగా ఆ నకళ్లు అంత నమ్మదగినవి కావు. మోంక్టన్ మిల్నెస్ రాసిన జీవితచరిత్ర ద్వారా 1848లో గానీ ఆ ఉత్తరం అచ్చుకెక్కలేదు. అందువల్ల కవి తన సమకాలికుల ముందుంచిన సిద్ధాంతంగా దాన్ని ఉటంకించకూడదు. ఏ ఉత్తరాన్నైనా ఎవరు, ఎవరికి, ఎప్పుడు రాశారు, అసలు ప్రతి ఉందా, మొదట అచ్చు వేసిందెవరు అన్న వివరాలు రాసుకున్నాకే అందులోని భావం జోలికి వెళ్లాలి.

కీర్తి చరిత్రకు ప్రశంసలు పోగేస్తే సరిపోదు. కవి రచనలు ఏ కాలంలో, ఏ రూపంలో పాఠకుల చేతికి అందాయో చూడాలి. ఉదాహరణకు ఆంగ్ల కవి జాన్ డన్ 1631లో మరణించాడు. చాలావరకు రాతప్రతులుగానే చలామణి అయిన ఆయన కవితలు 1633లో గ్రంథంగా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఆయన పేరు మళ్లీ మారుమోగడానికి కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ 1921 వ్యాసమే కారణమని చాలామంది అంటారు. ఆ వ్యాసం సాహిత్య పండితుడు హెర్బర్ట్ గ్రియర్సన్ కూర్చిన సంకలనంపై సమీక్ష. అదే గ్రియర్సన్ 1912లోనే డన్ కవితలను పరిష్కరించి ప్రచురించాడు. విమర్శకుడి పేరు రాసుకునే ముందు, ఆయన బల్ల మీద ఏ ప్రతి ఉందో, దాన్ని ఎవరు పరిష్కరించారో తేల్చుకోవాలి.