కొత్త ఫోన్‌లో నెట్ పెట్టుకునే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొత్త ఫోన్ చేతికి వచ్చిన తొలి గంటలో ఎవరికైనా ఆత్రం ఉంటుంది. నెట్ ఎప్పుడు వస్తుందా, పాత ఫొటోలు ఎప్పుడు కనబడతాయా అన్న తొందరలో తెర మీదికి వచ్చిన ప్రతి ప్రశ్నకూ ‘సరే’ అని నొక్కుకుంటూ పోతాము. అలా ఇచ్చేసిన అనుమతులను ఆ తర్వాత ఏళ్ల తరబడి తిరిగి చూసేవారు చాలా తక్కువ. అందుచేత ఈ పనిని తీరిక ఉన్నప్పుడు, వీలైనంతవరకు ఎవరిది వారే చేసుకోవడం మేలు. వేరొకరి సాయం తీసుకోక తప్పనప్పుడు పక్కనే కూర్చోవాలి. పిన్, పాస్‌వర్డ్ మాత్రం స్వయంగా కొట్టాలి.

నెట్ కంటే ముందు తాళం సంగతి చూడాలి. వేలిముద్ర పెట్టుకున్నా దాని వెనుక ఉండేది పిన్ నంబరే కాబట్టి, నాలుగు అంకెలతో సరిపెట్టుకోకుండా కనీసం ఆరు అంకెలు పెట్టుకోవాలి. పుట్టిన తేదీ, వాహనం నంబరు పనికిరావు. ఇక్కడ చాలామంది మరిచిపోయేది సిమ్ తాళం. ఫోన్‌కు ఎంత గట్టి తాళం వేసినా, దొంగ చేతిలో పడిన సిమ్‌ను తీసి మరో ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. దీనికి విరుగుడుగా సెట్టింగ్స్‌లో సిమ్ పిన్ ఉంది. అయితే దాన్ని పెట్టేటప్పుడు మొదట సిమ్‌తో వచ్చిన పాత పిన్‌ను అడుగుతుంది. దాన్ని ఊహించి కొట్టకూడదు. వరుసగా మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి దాన్ని విప్పే ఎనిమిది అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది, ఆ కోడ్ కూడా పదిసార్లు తప్పితే సిమ్ ఇక శాశ్వతంగా పనిచేయదు. కాబట్టి పాత పిన్ ఏమిటో, పీయూకే ఎక్కడ దొరుకుతుందో సిమ్ ఇచ్చిన సంస్థను అడిగి తెలుసుకున్నాకే ఈ పనికి పూనుకోవాలి.

సిమ్ వేయగానే మొబైల్ డేటా దానంతటదే రావడం ఇప్పుడు సాధారణం. రాకపోతే వెంటనే లోపలి సెట్టింగ్స్ కెలకకుండా, డేటా ఆన్‌లో ఉందా, రెండు సిమ్‌లు ఉంటే డేటాకు ఎంచుకున్నది సరైన సిమ్మేనా, తేదీ, సమయం ఆటోమేటిక్‌గా ఉన్నాయా అన్నవి చూసి, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి. సమయం బాగా తప్పుగా ఉంటే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు. నెట్ ఉండి కూడా లేనట్టే అనిపిస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా ఫలితం లేకపోతే అప్పుడు ఏపీఎన్ పేజీ, అంటే సిమ్ సంస్థ ద్వారా నెట్‌కు కలిపే వివరాలుండే పేజీ, తెరవాలి. అక్కడ పేరు, ఏపీఎన్, ప్రాక్సీ, పోర్ట్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అంటూ గడులు వరుసగా ఉంటాయి. ఏదైనా మార్చేముందు ఉన్నవాటిని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. నెట్ రావడానికి సాధారణంగా ఏపీఎన్ గడి ఒక్కటి సరిగ్గా ఉంటే చాలు. ప్రాక్సీ, పోర్ట్ గడులు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. మీ సంస్థ చెప్పకుండా ఎవరో పంపిన ప్రాక్సీ చిరునామాను అందులో నింపితే, మీ నెట్ రాకపోకలు ఆ వ్యక్తి కంప్యూటరు గుండా పోయే ప్రమాదం ఉంది. ‘ఇంటర్నెట్ సెట్టింగ్స్ వచ్చాయి, ఇన్‌స్టాల్ చేయండి’ అని అడగకుండానే వచ్చే సందేశాలను, ఐఫోన్‌లో ప్రొఫైల్ (సెట్టింగ్స్‌ను మార్చే ఫైలు) వేసుకొమ్మని అడిగే లింకులను ఈ కారణం చేతనే తోసిపుచ్చాలి.

అదే పేజీకి చుట్టుపక్కల మరో రెండు స్విచ్‌లు ఉంటాయి. విదేశాలకు వెళ్లే అవసరం లేనివారు డేటా రోమింగ్‌ను ఆపి ఉంచుకోవాలి. సరిహద్దు దగ్గర ఉండేవారి ఫోన్ పొరుగు దేశపు టవరును పట్టుకుని బిల్లు పెంచడం జరిగేదే. రెండోది టూజీ, అంటే రెండో తరం మొబైల్ నెట్‌వర్క్. ఆ పాత పద్ధతిలో ఫోన్ తానెవరో టవరుకు రుజువు చేసుకుంటుంది కానీ టవరు తానెవరో ఫోన్‌కు రుజువు చేయదు. నకిలీ టవర్లకు ఆ లోపమే ఆసరా. ఆండ్రాయిడ్ 12 నుంచి కొన్ని ఫోన్లలో టూజీని ఆపే వీలు వచ్చింది. మీరుండే చోట ఫోర్‌జీ సిగ్నల్ బాగా ఉంటే ఆపేయవచ్చు, లేకపోతే కాల్స్ అందకుండా పోతాయి కాబట్టి వదిలేయడమే నయం.

వైఫై విషయంలో భయం కొంత ఎక్కువగానే ప్రచారమైందని నా అభిప్రాయం. ఇప్పుడు చాలా వెబ్‌సైట్లు, యాప్‌లు తమ సమాచారాన్ని గుప్తపరచే పంపుతాయి కనుక పక్కనున్నవాడు మీ పాస్‌వర్డ్‌ను గాలిలోంచి చదివేయడం సులభం కాదు. మీరు ఏ సైటుకు వెళ్తున్నారో మాత్రం తెలుసుకోగలడు. అసలు ప్రమాదం, సైటు అసలుదేనని చూపే సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజరు హెచ్చరించినా ‘ముందుకు వెళ్లు’ అని నొక్కడంలోనూ, తెలిసిన పేరుతో ఎవరో పెట్టిన నకిలీ వైఫైకి ఫోన్ తనంతట తాను కలిసిపోవడంలోనూ ఉంది. కాబట్టి బయటి వైఫైని వాడటం అయ్యాక ‘ఫర్గెట్’ నొక్కి దాన్ని జాబితాలోంచి తీసేయాలి. తొలి సెటప్ మాత్రం సొంత వైఫై మీదో మొబైల్ డేటా మీదో చేసుకోవాలి. ఇంట్లోని రౌటరు డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 అనే వైఫై రక్షణ పద్ధతి మీద ఉండాలి, హాట్‌స్పాట్‌కు పాస్‌వర్డ్ ఉండాలి. నెట్ రాకపోకలను తన సర్వరు గుండా పంపే ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుంటే భద్రత వచ్చినట్టేనని అనుకోవద్దు: మీ నెట్ సంస్థకు కనబడకుండా పోయిన వివరాలు ఇప్పుడు ఆ యాప్ నడిపేవారికి కనబడతాయి, అంతే తేడా.

ఇక యాప్‌ల అనుమతులు. యాప్ పని చేస్తుండగా అనుమతి అడిగే పద్ధతి ఆండ్రాయిడ్‌లో 2015లో 6.0తో వచ్చింది, ఈసారికి మాత్రమే ఇచ్చే అనుమతి 2020లో, కచ్చితమైన చోటు చెప్పకుండా సుమారు ప్రాంతం మాత్రమే తెలిపే వీలు 2021లో వచ్చాయి. వాతావరణం చెప్పే యాప్‌కు సుమారు ప్రాంతం చాలు. దారి చూపే యాప్‌కు కచ్చితమైన చోటు కావాలి, అదీ వాడుతున్నంతసేపే. కాంటాక్టుల అనుమతి ఇచ్చేటప్పుడు ఇంకొంచెం ఆలోచించాలి, ఎందుకంటే అక్కడ మీరు ఇచ్చేది మీ నంబరు కాదు, మిమ్మల్ని నమ్మి తమ నంబర్లు ఇచ్చినవారి వివరాలు. కొత్త కీబోర్డు యాప్ వేసుకునేవారు కూడా ఒక్క క్షణం ఆగాలి. కొట్టే ప్రతి అక్షరమూ దాని గుండానే పోతుంది కాబట్టి తెలుగులో టైపు చేయడానికి ఫోన్‌తో వచ్చిన కీబోర్డు సరిపోతుందేమో ముందు చూసుకోవాలి. తెర పైభాగంలో ఆకుపచ్చ చుక్క కనబడితే కెమెరానో మైకో నడుస్తోందని అర్థం. ఐఫోన్‌లో మైకు ఒక్కటే నడుస్తుంటే నారింజ రంగు చుక్క వస్తుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు సరిగా లేనివారికి తెర చదివి వినిపించేందుకు, చేతులు సహకరించనివారి తరఫున బటన్లు నొక్కేందుకు పెట్టిన సౌకర్యమిది. అదే అనుమతి మోసపు యాప్‌కు దొరికితే అది కూడా తెరను చదువుతుంది, బటన్లు నొక్కుతుంది, ఓటీపీ చూస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి ఫైలు ద్వారా వేసుకున్న యాప్‌లకు ఈ అనుమతిని ఫోన్ సులభంగా ఇవ్వనివ్వదు. ఎవరైనా ఫోన్ చేసి, ‘రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ అనుమతించండి’ అని అంచెలంచెలుగా చెబుతుంటే, వారు ఏ సంస్థ పేరు చెప్పుకున్నా సరే, కాల్ కట్ చేయాలి.

తాళం వేసి ఉన్న తెర మీద సందేశాల సారాంశం కనబడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్స్ మార్చుకోవాలి. లేకపోతే బల్ల మీద పెట్టిన ఫోన్‌లో ఓటీపీని ఎవరైనా చదవవచ్చు. ప్రకటనల కోసం మీ ఫోన్‌ను గుర్తుపట్టే ఐడీని తొలగించే వీలు ఆండ్రాయిడ్‌లో ప్రైవసీ కింద దొరుకుతుంది. ఐఫోన్‌లో 2021 నుంచి ట్రాకింగ్‌కు యాప్ మీ అనుమతి అడిగి తీరాలి. భద్రతా అప్‌డేట్లు, పోయిన ఫోన్‌ను వెతికే సౌకర్యం రెండూ ఆన్‌లో ఉండాలి.

ఇంత అయ్యాక పాత ఫోన్ మిగులుతుంది. దాన్ని వెంటనే చెరిపేయకూడదు. రెండంచెల తనిఖీకి కోడ్‌లు ఇచ్చే యాప్ అందులోనే ఉంటే, ఆ ఖాతాలను కొత్త ఫోన్‌లోకి మార్చుకుని, లాగిన్ అయి చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. ఆ తర్వాత ఖాతాల నుంచి లాగౌట్ కావాలి, ఐఫోన్ అయితే వెతికే సౌకర్యాన్ని ఆపాలి. ఈ పని చేయకుండా చెరిపితే తర్వాత ఫోన్ తీసుకున్నవారిని అది మీ పాస్‌వర్డే అడుగుతుంది. మెమరీ కార్డును తీసి దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ రీసెట్ సాధారణంగా దానిలోని ఫొటోలను చెరపదు.