గాబ్రియేలా మిస్త్రాల్ కవితలను అనువాదంలో చదవడం ఎలా?

చిలీ కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ 1945లో నోబెల్ సాహిత్య పురస్కారం అందుకున్నారు. లాటిన్ అమెరికాకు ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి. ఆమె స్పానిష్‌లో రాశారు కాబట్టి మనలో ఎక్కువమంది ఆమెను ఇంగ్లీషు అనువాదంలోనే చదువుతాము. ఒక జీవితకాలపు కవితలున్న సంపుటాన్ని నవలలా మొదటి పుట నుంచి చదువుకుంటూ పోతే కవితలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకని ఈ క్రమాన్ని సూచిస్తున్నాను.

1. ఎదురు పుటలో స్పానిష్ మూలం ఉన్న ప్రతినే ఎంచుకోండి. ఉర్సులా లె గ్విన్ అనువాదం (2003), అంతకుముందు డోరిస్ డానా చేసినది (1971) అలాంటివే. లాంగ్‌స్టన్ హ్యూస్ అనువాదం 1957లోనే వచ్చింది గాని, మిస్త్రాల్‌కు 1914లో తొలి కీర్తి తెచ్చిన మృత్యు సానెట్లు (సానెట్ అంటే పద్నాలుగు పంక్తుల కవిత) అందులో లేవు.

2. పుస్తకాల వరుసను ఒక కాగితం మీద రాసుకోండి: దెసొలసియోన్ (1922), తెర్నూరా (1924), తాలా (1938), లగార్ (1954), ఆమె మరణానంతరం పొయెమా దె చిలె (1967). 1945లో తెర్నూరాను తిరిగి అచ్చువేసినప్పుడు మిస్త్రాల్ ఇతర పుస్తకాలలోని పిల్లల కవితలను కూడా అందులోకి చేర్చారు. అందువల్ల ఒకే కవిత ఒక సంపుటంలో ఒకచోట, మరొక సంపుటంలో మరొకచోట కనబడితే అది పొరపాటని అనుకోవద్దు.

3. తెర్నూరాలోని జోలపాటలతో మొదలుపెట్టండి. అర్థం తెలియకపోయినా స్పానిష్ పుటను ఒకసారి పైకి చదవండి. ఆ భాషలో అచ్చులు అయిదే, వాటి పలుకు దాదాపు మారదు, కాబట్టి తెలుగువారి నోటికి అది కష్టం కాదు. పాట ఊపు చెవికి అందాక అనువాదం చదివితే, ఏది మిగిలిందో ఏది జారిపోయిందో మీకే తెలుస్తుంది.

4. తరువాత మృత్యు సానెట్లకు రండి. మొదటి సానెట్‌లో ఆమె, మనుషులు నిన్ను ఉంచిన చల్లని గూటి నుంచి ఎండ తగిలే నేలలోకి దించుతానని మరణించిన ప్రియునితో అంటుంది. అక్కడి శ్మశానాలలో శవపేటికలను గోడలో కట్టిన గూళ్ళలో ఉంచే ఆచారం ఉందని తెలియకపోతే ఈ మాటలోని ఆర్తి అందదు.

5. లగార్‌లోని ‘లా ఓత్రా’ అనే కవిత దగ్గర తొందరపడకండి. నా దృష్టిలో సంపుటమంతటిలో అనువాదకుల శక్తికి అసలైన పరీక్ష ఇదే. దాని మొదటి పంక్తి ‘ఊనా ఎన్ మీ మతే’. నాలో ఒక స్త్రీని చంపాను అని దాని భావం, కాని మూలంలో స్త్రీ అనే మాట ఎక్కడా లేదు. ‘ఊనా’ అనే చిన్న పదమే ఆ సంగతి చెబుతుంది. ఇంగ్లీషు అనువాదకులు ఆ మాటను బయటికి చెప్పాలి, లేదా ఆ సూచనను వదులుకోవాలి. తెలుగులో ‘ఒకతె’ ఉంది. ‘నాలో ఒకతెను చంపాను’ అని రాసి చూడండి, మూలానికి ఎంత దగ్గరగా వస్తామో తెలుస్తుంది. ఇలాంటి చోట్ల ఇంగ్లీషును దాటి స్పానిష్ వైపు చూడగలగడం మనకున్న భాగ్యం.

6. తాలా చివర ఆమె స్వయంగా రాసిన వివరణలు మీ ప్రతిలో ఉంటే వదలకండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో చెదిరిపోయిన, ఆ దేశపు ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతపు పిల్లల కోసం ఆ పుస్తకపు రాబడిని ఇచ్చారని గుర్తుంచుకుని చదవండి. దెసొలసియోన్‌లో వచన భాగముంటే, టాగోర్ కవితలపై ఆమె వ్యాఖ్యలను వెతకండి.

7. పొయెమా దె చిలెను చివరికి ఉంచండి. ఒక స్త్రీ మరణానంతరం ఆత్మగా తిరిగివచ్చి, ఒక ఆదివాసీ బాలునితో, ఒక జింకతో కలిసి ఉత్తరం నుంచి దక్షిణానికి ఆ దేశమంతా నడుస్తుంది. చిలీ పటాన్ని పక్కన పరచుకుని, ఎడారి నుంచి మొదలుపెట్టి, మిస్త్రాల్ పెరిగిన ఎల్కీ లోయ వచ్చినప్పుడు కాసేపు ఆగి, వారి వెంట వేలితో కిందికి నడవండి.