నల్లరేగడి మీద ఆర్టిఫిషియల్ గడ్డి: ముందు నీళ్ళకు దారి చూడాలి

నల్లరేగడి మీద ఇసుక పరిచి గడ్డి చుట్ట విప్పేస్తే ఏమవుతుందో మొదటి వానాకాలమే చెబుతుంది. అడుగేసిన చోటల్లా చిత్తడి, నాలుగు రోజులకు వాసన, ఎండాకాలం వచ్చేసరికి కుంగిన అంచులు. గడ్డి అడుగున చిల్లులున్నాయి కాబట్టి నీళ్ళు దిగిపోతాయని అమ్మేవాళ్ళు చెప్పేది సగమే నిజం. చిల్లులు దాటిన నీళ్ళు ఆపైన ఎక్కడికి పోవాలి? రేగడి తడవగానే ఉబ్బి మూసుకుపోతుంది. అందులో ఆరంగుళాలు తవ్వి కంకర నింపితే తయారయ్యేది ఒక తొట్టి. అందుకే ఈ నేలలో నీటిని కిందికి ఇంకించాలని చూడకూడదు, పక్కకు నడిపించాలి.

లెక్క కోసం 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉన్న పెరడు అనుకుందాం.

పని మొదలుపెట్టే ముందే నీళ్ళు చివరికి ఎక్కడికి చేరతాయో తేల్చుకోండి. ఇంకుడు గుంత తవ్వినా, దాని చుట్టూ ఉన్నదీ రేగడే అయితే నిండి కూర్చుంటుంది. వీధి కాలువ, పెరట్లోంచి నీళ్ళు బయటికి తీసే మీ పైపు కంటే లోతుగా ఉంటే సమస్య లేదు. పెద్ద వానలో కాలువ నిండి నీళ్ళు వెనక్కి తన్నే చోటైతే పైపు చివర నీళ్ళను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టాలి. పెరడే రోడ్డు కంటే పల్లంలో ఉంటే చిన్న సంపు, అందులో సబ్‌మెర్సిబుల్ పంపు తప్పవు. ఈ మూడింట్లో ఏదీ కుదరకపోతే గడ్డి ఆలోచన మానుకోవడమే మేలు.

తవ్వడానికి కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో నెర్రెలు విచ్చిన నేలను చదును చేస్తే, వాన పడగానే ఉబ్బి గుట్టలు లేస్తుంది. వానల్లో చేస్తే బురద. వానలు వెనకబట్టాక, డిసెంబరు, జనవరిలలో, పిడికిట్లో నొక్కితే ముద్దవుతూ చేతికి అంటని తడి ఉన్నప్పుడు మంచిది.

నేల మట్టం నుంచి 6 అంగుళాల లోతు తవ్వండి. 300 ఘనపుటడుగుల మట్టి వస్తుంది, వదులయ్యాక నాలుగు యూనిట్ల దాకా తేలుతుంది. యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు. ఆ మట్టితో ఎక్కడా పల్లం పూడ్చకండి. తవ్విన అడుగునే ఇంటివైపు నుంచి అవతలికి 20 అడుగులకు 3 అంగుళాల వాలు ఇవ్వాలి. లెవెల్ ట్యూబుతో (నీళ్ళు నింపిన సన్నని గొట్టం) చూసి, మేకులకు నూలుతాడు కట్టి సరిచూడండి. వాలు పైన కంకరతో సరిచేద్దాంలే అనుకుంటేనే పని చెడుతుంది. నీళ్ళు కంకరలోంచి దిగి రేగడి మీదే పారతాయి, కాబట్టి వాలు ఉండాల్సింది అక్కడ.

పల్లపు అంచు వెంట, ప్రహరీ పునాదికి కనీసం అడుగు దూరంలో, అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తీయండి. అందులో 4 అంగుళాల చిల్లుల పీవీసీ పైపు వస్తుంది. 30 అడుగులకు ఇంచుమించు మూడున్నర అంగుళాల వాలు చాలు. చిల్లులు కింది వైపు ఉండాలి. చాలామంది మేస్త్రిలు పైకి పెడతారు. అలా పెడితే నీటిమట్టం పైపు నెత్తిదాకా లేచేవరకు ఒక్క చుక్క లోపలికి పోదు. పైపు ఎగువ కొసను ఎల్బోతో పైకి తెచ్చి మూత పెట్టుకుంటే, తర్వాత గొట్టం పెట్టి కడగడానికి వీలుంటుంది.

తర్వాత 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల) నాన్ వోవెన్ జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీళ్ళను వదిలి మట్టిని ఆపే గుడ్డ. కాలువ అడుగు, గోడలతో సహా మొత్తం పరవాలి, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. 800 చదరపుటడుగులు తెచ్చుకోండి. ఇది లేకపోతే తడి రేగడి కంకరలోకి ఎక్కుతుంది, కంకర రేగడిలోకి దిగుతుంది. రెండేళ్ళకు మళ్ళీ మొదటికొస్తారు.

కాలువలో రెండంగుళాల కంకర మీద పైపు కూర్చోబెట్టి నింపేయండి. మిగతా అంతటా 20 ఎంఎం కంకర 4 అంగుళాలు, రెండు వరుసలుగా, ఒక్కో వరుసకు ప్లేట్ కాంపాక్టర్ (అదురుతూ కంకరను అణిచే యంత్రం) తిప్పుతూ. దానిపైన ఒకటిన్నర అంగుళాల మందాన 6 ఎంఎం రాతి చిప్స్. నలిగే భాగం కలుపుకుని కంకర రెండున్నర యూనిట్లు, చిప్స్ ఒక యూనిట్ పడతాయి. కంకర సందుల్లోనే దాదాపు 2,200 లీటర్లు పడుతుంది, అంటే 40 ఎంఎం వాన. క్రషర్ డస్ట్ చవకని పైన వేయకండి, అందులోని పిండి సందులు పూడ్చేస్తుంది. ఎర్ర గ్రావెల్ కూడా అంతే. రోడ్డు కింద బాగుంటుంది గానీ నీళ్ళు దిగాల్సిన చోట పనికిరాదు.

గడ్డి పరిచే ముందు ఎగువ అంచున 500 లీటర్లు వదిలి పైపు చివర చూడండి. నీళ్ళు బురదగా వస్తే గుడ్డ ఎక్కడో చిరిగింది. అప్పుడే విప్పి సరిచేయడం తేలిక.

గడ్డి చుట్ట సాధారణంగా 2 మీటర్ల వెడల్పు వస్తుంది. 20 అడుగులకు మూడు చుట్టలు కాస్తలో చాలవు. అటూ ఇటూ మూడేసి అంగుళాల కెర్బ్ రాళ్ళు (అంచు కట్టే రాళ్ళు) పెడితే లోపల మిగిలేది పందొమ్మిదిన్నర అడుగులు, మూడింటితో సరిపోతుంది. పల్లపు వైపు కెర్బ్‌కు సిమెంటు పూసేటప్పుడు నీటిదారి మూయకుండా చూడండి. చుట్టలు విప్పి రెండు గంటలు ఎండలో ఉంచాకే కోయండి. పోచలన్నీ ఒకే వైపు వాలాలి. అతుకు కింద అడుగు వెడల్పు సీమ్ టేపు, పాలియురెథేన్ జిగురు. దానిపై ఒక రోజు బరువు పెట్టాలి. అంచుల్లో ఆరేసి అంగుళాలకు ఒక జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) మేకు. చివరగా కడిగిన సిలికా ఇసుక, చదరపుటడుగుకు కిలోంబావు చొప్పున 50 కిలోల బస్తాలు 15, పొడిగా ఉన్నప్పుడే చీపురుతో లోపలికి దువ్వాలి. ఏటి ఇసుకలోని ఒండ్రు గడ్డి చిల్లులను పూడ్చేస్తుంది.

మేడ మీది వాన నీళ్ళు, ఏసీ నీళ్ళు ఈ గడ్డి మీదికి వదలకండి. కారే కుళాయి, రోజూ తడిపే కుండీలు అంచున ఉంటే అక్కడే రేగడి ఉబ్బి గడ్డి లేస్తుంది. దగ్గర్లో వేపచెట్టు ఉంటే వేసవిలో అది నేలలోని తడిని లాగేస్తుంది, ఆ వైపు కుంగుతుంది. కుంగిన చోట గడ్డి ఎత్తి చిప్స్ నింపడానికి వీలుగా అర యూనిట్ ఎక్కువ తెచ్చి పక్కన ఉంచుకోండి. మధ్యాహ్నపు ఎండలో ఈ గడ్డి మీద వట్టికాళ్ళతో నడవలేరు. నీళ్ళు చల్లినా చల్లదనం కాసేపే. ఏటా జూన్‌కు ముందు పైపును ఎగువ నుంచి ఒకసారి కడిగించండి.