సైన్యంలోనూ లేత్ మిషను ముందూ బతికిన పెద్దమనిషి జీవితాన్ని రాసిపెట్టుకునే విధానం

మా బాపు పోయినప్పుడు మేము వేయించిన ఫ్లెక్సీ మీద ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప మరేమీ లేవు. పదిహేనేళ్లు సైన్యంలో, ఆ తరువాత ఇరవై ఐదేళ్లు కార్ఖానాలో, లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే లేత్ మిషను మీద పనిచేసిన మనిషి గురించి దశదిన కర్మ నాడు నలుగురు లేచి, చాలా మంచివాడని చెప్పి కూర్చున్నారు. ఆ మాట నిజమే కానీ అందులో మా బాపు ఆనవాలు లేదు. ఆ తరువాత ఏడాది పాటు నేను చేసిన పనిని నల్లగొండ, పాలమూరు వైపు కుటుంబాలు ఆ పది రోజుల్లోనే ఎలా మొదలుపెట్టవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

మొదట సందూక తెరవండి. మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు రాసిన ఆ ఇనుప పెట్టెలో అన్నిటికంటే విలువైన కాగితం డిశ్చార్జి బుక్. ఆర్మీ నంబరు, భర్తీ అయిన తేదీ, ట్రేడు, హోదా, పతకాలు, సైన్యం నుంచి వచ్చిన కారణం, ప్రవర్తన గురించి అధికారి రాసిన మాట, అన్నీ అందులో దొరుకుతాయి. కుటుంబ పెన్షను పనుల కోసం దానిని బయటికి తీసుకుపోయే ముందు ప్రతి పేజీనీ ఫోటో తీయండి. మేము ఒకచోట ఇచ్చిన కాగితం మళ్లీ మా చేతికి రాలేదు. బుక్ కనిపించకపోతే ఆర్మీ నంబరు, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ నకలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. బండ్లు, ఫిరంగులు, ట్యాంకులు మరమ్మతు చేసే ఇ.ఎం.ఇ. దళంలో ఆయన పనిచేసి ఉంటే, ఆ దళపు రికార్డు ఆఫీసు సికింద్రాబాద్‌లోనే ఉంది.

పతకాలను మెరుగు పెట్టాలని రుద్దకండి, అంచు మీది అక్షరాలు అరిగిపోతాయి. పతకం పేరును మాత్రం జాగ్రత్తగా చదవండి. 1971 డిసెంబరు యుద్ధంలో తూర్పు రంగంలో ఉన్నవారికి పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. బాపు తూర్పు రంగంలోని ఢాకా దాకా పోయి వచ్చాడని మా చుట్టాలందరూ చెప్పుకునేవారు; సందూకలో దొరికింది పశ్చిమీ స్టార్. ఆయన నోట ఢాకా మాట మేము ఎన్నడూ వినలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. ఆగిపోయిన బండ్లను లాగి తెచ్చి, తెల్లవారేలోగా నడిచేటట్టు చేయడమే ఆయన చేసిన యుద్ధం. తుపాకీ పేల్చిన కథ లేకపోతే ఆ సేవకు వచ్చిన లోటేమీ లేదు కాబట్టి, లేని కథను అతికించకండి.

పుట్టిన తేదీని బడి కాగితాన్ని బట్టి మాత్రమే నమ్మవద్దు, ఆ కాలపు పంతుళ్లు చాలామందికి అంచనాగా వేసినదే. 1948 సెప్టెంబరు పోలీసు చర్య నాటికి ఎంత పిల్లవాడో ఇంటి పెద్దలను అడగండి. పాత భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం (నిజాం కాలపు రెవెన్యూ లెక్క) ఉంటే దానికి 590 కలపండి, సుమారుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఊరికి పాత తాలూకా పేరు కూడా రాయండి, ఎందుకంటే మండలాలు 1985లోనూ కొత్త జిల్లాలు 2016లోనూ వచ్చాయి, ఆయన కాగితాలన్నీ అంతకు ముందువి.

అన్నిటికంటే ఎక్కువ సమయం కార్ఖానా పనికి ఇవ్వండి, ఎందుకంటే అందరూ వదిలేసేది దానినే. పనిముట్ల పెట్టెను పాత ఇనుప సామాన్లవారికి వేయకముందే ఒక్కొక్క వస్తువును చాప మీద పరిచి పేరు రాయండి: సన్నని కొలతలు తీసే మైక్రోమీటరు, వెర్నియర్, డివైడర్, లోహాన్ని కోయడానికి ఆయన స్వయంగా సానపట్టుకున్న టూల్ బిట్లు. తరువాత ఆయనతో షిఫ్టు చేసిన ఒకరిని ఇంటికి పిలిచి, వాటిని ఎదురుగా పెట్టి, ఫోనులో రికార్డు చేయండి. ఆయన ఎలాంటివాడని అడిగితే మళ్లీ మంచివాడనే చెబుతారు. ఏ మిషను మీద నిలబడేవాడు, ఏ లోహంతో ఏ భాగం తీసేవాడు, ఏ పని చెడిపోయి మళ్లీ చేశాడు, ఎవరికి నేర్పాడు అని అడగండి. బాపు తోటి పనివాడు మైక్రోమీటరును చేతిలోకి తీసుకుని రెండు గంటలు మాట్లాడాడు. అంగుళంలో ఎనిమిదో వంతైన సూత్ లెక్కలో పని నేర్చుకున్న బాపు, మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా ఆ ముక్కను పక్కన పెట్టేవాడని ఆయనే చెప్పాడు. లేత్ మీద ముక్కను పట్టి తిప్పే చక్కులో చిక్కుకోకుండా చొక్కా చేతులు మడిచే అలవాటు పెళ్లిళ్లలో కూడా బాపును వదలలేదని నేను అప్పుడే గ్రహించాను. రిటైరయ్యాక ఊళ్లో బోరు మోటార్ల షాఫ్టులకు ఆయన తీసిన గన్‌మెటల్ బుష్‌లు ఇంకా ఎవరి బావి దగ్గర తిరుగుతున్నాయో కనుక్కుని, ఆ రైతుల పేర్లు కూడా రాశాను.

రాసేటప్పుడు రెండు పేజీలు దాటనివ్వకండి, కర్మ నాడు ఎండలో కూర్చున్నవారు వినగలిగేది అంతే. గుణాలను వరుసగా పేర్కొనే బదులు, ఆ గుణం కనిపించిన పనిని చెప్పండి.

నలుగురిలో చదివే ముందు ఇంట్లో ఆయన భార్యకు వినిపించండి. దేశం మీది ప్రేమతో బాపు సైన్యంలో చేరాడని నేను రాసిన వాక్యం దగ్గర మా అమ్మ ఆపింది. "ఆ యేడు చెరువు ఎండింది బిడ్డా, బుక్కెడు బువ్వ కోసం పోయిండు. దేశమంటే ఏందో ఆడికి పోయినంకనే తెలిసిందని ఆయననే అనేటోడు" అన్నది. నా వాక్యం కొట్టివేసి, అమ్మ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాను.