సిటీలో బడికీ, నెలనెలా ఊరికీ ఒకే పెద్ద డీజిల్ బండి: ఎలా వాడుకోవాలి

ఏడు సీట్ల ఎస్‌యూవీ కొనబోయే మా బంధువులు ముందుగా మైలేజ్ ఎంతని అడుగుతారు. బండి వారంలో ఒక్కసారైనా అరగంట ఆగకుండా పరుగెడుతుందా అని నేను అడుగుతాను. డీజిలా, పెట్రోలా అన్నది అక్కడే తేలిపోతుంది.

లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు 107, డీజిల్ 96 రూపాయలు అనుకోండి. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 9 ఇచ్చే టర్బో పెట్రోలు ఆటోమేటిక్‌కు దాదాపు 11,900 అవుతుంది. 12 ఇచ్చే డీజిల్‌కు 8,000 చాలు. డీజిల్ మోడల్‌కు లక్ష ఎక్కువ పెట్టారంటే రెండేళ్ళు దాటాక ఆ డబ్బు తిరిగొస్తుంది. అదే నెలకు 400 కిలోమీటర్లే తిరిగేవాళ్ళకు ఐదేళ్ళు పైనే పడుతుంది. వాళ్ళు పెట్రోలే తీసుకోవాలి, మొహమాటం వద్దు.

మాది హైదరాబాద్‌లో వనస్థలిపురం. బడి, కూరగాయలు, డాక్టరు అన్నీ దగ్గరే. అత్తయ్యవాళ్ళ ఊరు మాత్రం కోదాడ పక్కన, నెలనెలా వెళ్ళాల్సిందే. అందుకే డీజిల్ తీసుకున్నాం. నడిపేది నేనే. మా ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటారు.

డీజిల్‌తో అసలు జాగ్రత్త డీపీఎఫ్ (డీజిల్ పర్టిక్యులేట్ ఫిల్టర్) దగ్గర. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పటి నుంచి పొగ గొట్టం దారిలో ఈ ఫిల్టర్ ఉంటోంది. మసిని పట్టి ఉంచుతుంది, నిండాక సుమారు 600 డిగ్రీల వేడిలో తనే కాల్చేసుకుంటుంది. దీన్ని రీజనరేషన్ అంటారు. ఎల్బీ నగర్ సిగ్నళ్ళ మధ్య ఆగుతూ సాగే బండిలో ఆ వేడి నిలవదు, మసి పూర్తిగా కాలదు.

రీజనరేషన్ జరుగుతోందని కొన్ని గుర్తులు చెబుతాయి: బండి ఆగి ఉన్నా ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) మామూలు కన్నా ఎక్కువ ఉంటుంది, మైలేజ్ అంకె ఉన్నట్టుండి పడిపోతుంది, ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఒక్కోసారి కాలిన వాసనా వస్తుంది. అది మొదలైందని తెలిస్తే ఇల్లొచ్చింది కదా అని ఆపేయకండి, ఇంకో పది నిమిషాలు తిప్పి రండి. ఎండుగడ్డి మీద అసలు ఆపొద్దు. ఊరికి వెళ్ళని వారాల్లో నేను ఆదివారం పొద్దున్నే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఘట్‌కేసర్ దాకా పోయి వస్తాను. డీపీఎఫ్ లైటు వెలిగినా మందు అదే: గేరు ఒకటి తగ్గించి, 2,000 ఆర్‌పీఎం చుట్టూ పదిహేను, ఇరవై నిమిషాలు ఒకే వేగంతో పోనివ్వాలి. అయినా లైటు ఆరకపోతే, లేదా ఇంజన్ లైటు కూడా తోడైతే వర్క్‌షాపుకే. "ఆ ఫిల్టరే పీకేస్తే పోలా" అనే మెకానిక్ మాట వినకండి, వారంటీ పోతుంది, పైగా చట్టరీత్యా తప్పు.

రీజనరేషన్ పదేపదే మధ్యలో ఆగిపోతే డీజిల్ కొంత ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ తగ్గడం కాదు, పెరిగితే భయపడాలి. ఆయిల్ కూడా డీపీఎఫ్ బండ్లకు చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించండి.

మీ బండికి యాడ్‌బ్లూ ట్యాంకు ఉంటే (పొగలో కాలుష్యం తగ్గించే ద్రవం, లారీ డ్రైవర్లు యూరియా అంటారు) హెచ్చరిక రాగానే నింపేయండి. పూర్తిగా అయిపోయాక ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ కాదు. యాడ్‌బ్లూను పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే ఇగ్నిషన్ కూడా ఆన్ చేయకుండా టోయింగ్ పిలవండి.

ఇక సీట్లు. షోరూమ్‌లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మధ్య వరుసలో పక్క సీటుకు పిల్లల ఐసోఫిక్స్ సీటు (బండి సీటులోని కొక్కేలకు తగిలించేది) బిగిస్తే, చాలా బండ్లలో ఆ వైపు సీటు మడతపడదు, వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోతుంది. చిన్నపిల్లలుంటే మధ్యలో సందు ఉండే కెప్టెన్ సీట్లే చూడండి. మూడో వరుస పిల్లలకే, మోకాళ్ళ నొప్పులున్న మామయ్యను అక్కడ కూర్చోబెట్టకండి. ఏడుగురూ ఎక్కితే డిక్కీలో రెండు బ్యాగులు పడితే గొప్ప. ఊరి నుంచి బియ్యం బస్తా తేవాలంటే వెనక సగం సీటు మడవాల్సిందే.

అపార్ట్‌మెంట్లో స్తంభాల మధ్య టేపు పెట్టి కొలవండి. బండి వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు, తలుపు తెరిచి పెద్దవాళ్ళు దిగే జాగా కూడా కలపాలి.

తిరుమల నుంచి దిగేటప్పుడు ఆటోమేటిక్‌ను డ్రైవ్‌లో వదిలేయకండి. మనుషులు, సామానుతో బరువు రెండు టన్నులు దాటుతుంది. మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టి, ఇంజనే వేగాన్ని పట్టి ఉంచేలా దిగండి, బ్రేకు మలుపుల ముందు మాత్రమే. పెడల్ మెత్తగా దిగుతోందనిపిస్తే వాహనాలకు అడ్డం రాని చోట ఆపి డిస్కులు చల్లారనివ్వండి. వాటి మీద నీళ్ళు మాత్రం పోయకండి.