మేపుల్ బోన్సాయ్ ఆకులు పాడవుతుంటే: కారణం ఎలా కనిపెట్టాలి, ఏం చేయాలి?

కుండీలో ఉన్న జపనీస్ మేపుల్ ఆకు అంచు గోధుమ రంగుకి తిరిగిందంటే చాలామంది చేసేది ఒకటే. ఇంకో చెంబు నీళ్ళు పోస్తారు, గుప్పెడు ఎరువు వేస్తారు, షాపులో దొరికిన ఏదో మందు కొట్టేస్తారు. ఈ మూడూ కలిసి చెట్టుని చంపినంత త్వరగా అసలు జబ్బు కూడా చంపదు.

మేపుల్ ఆకు చాలా పల్చన. ఎండ ఎక్కువైనా, వేళ్ళు దెబ్బతిన్నా, నీళ్ళలో ఉప్పు పెరిగినా ముందు మాడేది ఆకు అంచే. అంటే ఒకే గుర్తు వెనక మూడు నాలుగు కారణాలు ఉండొచ్చు. ఆకుని చూసి వెంటనే మందు కొనడం కాకుండా, చెట్టు ఎక్కడుంది, నీళ్ళు ఎలా పడుతున్నాయి, మట్టి కింద వేళ్ళు ఎలా ఉన్నాయి అని వరసగా చూసుకుంటూ వెళ్ళాలి. అలా చూస్తే చాలాసార్లు మందు సీసా అవసరమే రాదు.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా జపనీస్ మేపుల్ గురించి. మూడు మొనల ఆకు ఉండే ట్రైడెంట్ మేపుల్‌కీ ఇవే వర్తిస్తాయి. కాకపోతే దాని ఆకు కాస్త మందం, ఎండని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది.

మొదటి అడుగు: అసలు అది జబ్బేనా?

కత్సురా, ఆరెంజ్ డ్రీమ్ లాంటి రకాల చిగుళ్ళు వసంతంలో పసుపుగానే వస్తాయి. దేశోజో చిగురు ఎర్రగా వచ్చి, ఎండాకాలానికి పచ్చబడుతుంది. అక్టోబర్, నవంబర్‌లలో ఆకు రంగు మారి రాలడం ఈ చెట్టు సహజ గుణం. ఎండాకాలంలో లోపలి కొమ్మల మీద నీడలో ఉన్న నాలుగు పాత ఆకులు పసుపై రాలితే కంగారు పడక్కర్లేదు. మీ చెట్టు ఏ రకమో, ఆ రకం ఏ నెలలో ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న: చెట్టు ఇంట్లో ఉందా, బయట ఉందా? మేపుల్ ఇంట్లో పెంచే మొక్క కాదు. దానికి ఆరుబయట గాలీ వెలుతురూ కావాలి, చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోవాలి. డ్రాయింగ్ రూమ్ టేబుల్ మీద పెట్టిన మేపుల్ వాడిపోతుంటే ఇక మిగతా అడుగులు అనవసరం. నీడగా ఉన్న చోటు చూసి బయట పెట్టండి, కొన్ని రోజుల తర్వాత మెల్లగా ఉదయపు ఎండకి అలవాటు చేయండి.

రెండో అడుగు: నాలుగడుగులు వెనక్కి వేసి చెట్టు మొత్తం చూడండి

పాడైన ఆకులు ఎక్కడున్నాయన్న దాంట్లోనే సగం సమాధానం ఉంటుంది.

చెట్టు పైభాగంలో, పడమటి ఎండ పడే వైపు మాత్రమే మాడితే అది ఎండ దెబ్బ, లేదా వేడిగాలి దెబ్బ. చెట్టంతా ఒకే తీరుగా వాడితే అనుమానం వేళ్ళ మీదకి, నీళ్ళ మీదకి వెళ్ళాలి. కొత్త చిగుళ్ళు మాత్రమే పాలిపోయి, ఈనెలు పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు. పాత ఆకులు ముందుగా, ఆకంతా ఒకేలా పసుపైతే నత్రజని తక్కువైంది.

ఒక్క కొమ్మ మాత్రమే ఉన్నట్టుండి వాడిపోయి, మిగతా చెట్టంతా నిక్షేపంగా ఉంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది మట్టిలో ఉండే శిలీంధ్రం వల్ల వచ్చే వెర్టిసీలియం ఎండు తెగులు కావచ్చు. దాని గురించి కింద చెప్తాను.

మూడో అడుగు: ఒక ఆకు తెంపి దగ్గరగా చూడండి

ఒక భూతద్దం, ఒక తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు కాగితాన్ని కొమ్మ కింద పట్టుకుని ఆకుల్ని రెండుసార్లు గట్టిగా తట్టండి. దుమ్ములాంటి చుక్కలు రాలతాయి. అర నిమిషం కదలకుండా చూడండి. వాటిలో కొన్ని నడవడం మొదలుపెడితే అవి మొక్కల మీద బతికే నల్లులు (స్పైడర్ మైట్స్), మంచం నల్లులు కావు. వేలితో రాస్తే కాగితం మీద చార పడుతుంది. నల్లి పట్టిన ఆకు దూరం నుంచి దుమ్ము పట్టినట్టు కళ తప్పి ఉంటుంది. దగ్గరగా చూస్తే సూదితో పొడిచినట్టు సన్నటి తెల్ల చుక్కలు, ఆకు అడుగున సాలెగూడు లాంటి పల్చటి దారాలు కనిపిస్తాయి. వేడిగా, పొడిగా ఉన్న రోజుల్లో ఇది వారం పది రోజుల్లోనే చెట్టంతా పాకుతుంది.

చిగురాకులు ముడుచుకుని, చేతికి జిగురు అంటుతుంటే పేనుబంక. ఆ జిగురు కోసమే చీమలు కాండం ఎక్కుతాయి, కొన్నాళ్ళకి దాని మీదే నల్లటి మసి పడుతుంది. కొమ్మ మీద కదలని చిన్న చిన్న బొడిపెలు ఉండి, గోరుతో గీకితే ఊడొస్తే అవి పొలుసు పురుగులు.

ఆకు మీద తెల్లటి పొడి ఉంటే బూడిద తెగులు. వానలు పడుతున్న చల్లటి వసంతంలో ఈనెల వెంబడి గోధుమ రంగు మచ్చలు సాగితే ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు మచ్చ తెగులు. చూడ్డానికి భయంగా ఉన్నా, ఈ రెండూ మామూలుగా చెట్టు ప్రాణం తీయవు.

కొత్త చిగుళ్ళు ఒక్క రాత్రిలో నల్లబడి, ఉడికిన తోటకూరలా వేలాడితే అది వసంతంలో ఆలస్యంగా పడ్డ మంచు పని. న్యూజెర్సీ లాంటి చోట్ల ఏప్రిల్‌లో కూడా ఈ ప్రమాదం ఉంటుంది. ఆకులు సన్నగా మెలికలు తిరిగి, గిన్నెలా ముడుచుకుని, పురుగు మాత్రం ఎక్కడా కనిపించకపోతే, ఈ మధ్య చుట్టుపక్కల లాన్‌లో కలుపు మందు కొట్టారేమో అడగండి. 2,4-డి లాంటి మందు తుంపర గాలికి వచ్చి పడినా మేపుల్ చిగురు ఇలాగే వంకర తిరుగుతుంది. అమెరికా సబర్బ్‌లలో ఇది చాలామందికి తట్టని కారణం.

ఇక మిగిలింది అందరూ అడిగే అంచు మాడటం. అంచు పెళుసుగా ఎండి, ఆకు మధ్య భాగం పచ్చగా, బిగువుగా ఉంటే ఎండ దెబ్బో, ఉప్పు దెబ్బో అయి ఉంటుంది. అంచు నల్లబడి, మిగతా ఆకు మెత్తగా, పసుపుగా వేలాడుతుంటే వేళ్ళని అనుమానించండి. ఆకుని బట్టి ఇంతకంటే గట్టిగా చెప్పలేం, మట్టి చూడాల్సిందే.

నాలుగో అడుగు: మట్టి, వేళ్ళు

ఈ అడుగుని దాటేసేవాళ్ళే ఎక్కువ, అసలు సంగతి బయటపడేదీ ఇక్కడే.

నీళ్ళు తక్కువైతే ఆకు వాడుతుంది. ఎక్కువైనా వాడుతుంది. మట్టిలో గాలి ఆడకపోతే వేరు కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు లాగలేదు. అప్పుడు మట్టి నిండా తడి ఉన్నా ఆకు దాహంతో మాడుతుంది. దాన్ని చూసి మనం ఇంకా నీళ్ళు పోస్తాం.

ఒక సన్న వెదురు పుల్లని కాండానికి కాస్త దూరంగా కుండీ అడుగు దాకా గుచ్చి, పది నిమిషాలు ఆగి తీయండి. పై మట్టి పొడిగా ఉన్నా పుల్ల అడుగు తడిగా, నల్లగా వస్తే లోపల నీళ్ళు నిలుస్తున్నాయి. వాసన చూడండి. ఆరోగ్యంగా ఉన్న మట్టికి తొలకరి వాసన ఉంటుంది, కుళ్ళిన మట్టికి మురుగు వాసన వస్తుంది. నీళ్ళు పోసినప్పుడు కొన్ని క్షణాల్లో అడుగు రంధ్రాల్లోంచి బయటికి రావాలి. పైనే మడుగు కట్టిందంటే మట్టి పిండైపోయినట్టే. జపాన్‌లో తొచిగి ప్రాంతం నుంచి వచ్చే అకడామా అనే కాల్చని బంకమట్టి గుళికల్ని బోన్సాయ్‌కి బాగా వాడతారు. కొన్నేళ్ళకి ఆ గుళికలు కూడా చితికి ముద్దవుతాయి.

అనుమానం బలంగా ఉంటే చెట్టుని కుండీకి బిగించిన లోహపు తీగెల్ని అడుగున కత్తిరించి, వేళ్ళ ముద్ద మొత్తాన్ని చెదరకుండా పైకి లేపి చూడండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది, కొసలు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉంటాయి. కుళ్ళిన వేరుని రెండు వేళ్ళతో పట్టి లాగితే పై తొడుగు జారి చేతికొస్తుంది, లోపల సన్నటి దారం మాత్రమే మిగులుతుంది. చూసిన వెంటనే చెట్టుని అలాగే కుండీలో దించేయండి, వేళ్ళకి ఎండ తగలనివ్వద్దు.

ఐదో అడుగు: కారణాన్ని బట్టి వైద్యం

ఎండ దెబ్బకి మందు లేదు, చోటు మార్చడమే. ఉదయం ఎండ, మధ్యాహ్నం తర్వాత నీడ పడే చోటు మేపుల్‌కి సరిపోతుంది. అలాంటి చోటు లేకపోతే 30 నుంచి 50 శాతం షేడ్ నెట్ కట్టండి. వేడిగాలి నేరుగా కొట్టకుండా చూడండి. కుండీని కాంక్రీట్ మీద పెట్టకుండా చెక్క బల్ల మీద పెట్టండి, లేకపోతే అడుగు నుంచి వేళ్ళు ఉడుకుతాయి. బాగా ఎండలు కాసే రోజుల్లో ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మట్టి చూసి నీళ్ళు పోయాలి. గడియారం చూసి కాదు.

ఉప్పు పేరుకుంటే మట్టి మీద, కుండీ అంచు మీద తెల్లటి చార కనిపిస్తుంది. ఫీనిక్స్, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్ళలో కుళాయి నీళ్ళే బాగా కఠినం. వాననీళ్ళు గానీ, ఆర్ఓ నీళ్ళు గానీ తీసుకుని, కుండీకి పట్టే దానికి రెండు మూడింతలు మెల్లగా పోసి మట్టిని కడిగేయండి. వాననీళ్ళు పట్టుకునే వీలుంటే ఒక డ్రమ్ము పెట్టుకోవడం అన్నిటికంటే మంచి పెట్టుబడి. ఇనుము లోపానికి మూలం కూడా తరచూ ఈ కఠిన జలమే. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం పెరిగి పీహెచ్ (క్షార గుణం) ఎక్కువై అది వేరుకి అందదు. అప్పుడు ఈడీడీహెచ్ఏ రకం చిలేటెడ్ ఐరన్ (అలాంటి మట్టిలో కూడా వేరుకి అందే ఇనుము) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో ఇస్తే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. నీళ్ళు మార్చకపోతే లోపం మళ్ళీ వస్తుంది.

వేరుకుళ్ళుకి తొందరపాటు పనికిరాదు. ఆకులున్న కాలంలో మట్టంతా దులిపి కొత్త కుండీలోకి మారిస్తే మిగిలిన మంచి వేళ్ళు కూడా తెగిపోతాయి. ముందు అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసి తెరవండి. కుండీకి ఒక వైపు కింద చిన్న చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచండి. లోతు తక్కువ కుండీలో నిలిచే నీళ్ళు ఆ వాలుకి దిగిపోతాయి. ఇది బోన్సాయ్ పెంచేవాళ్ళు ఎప్పటినుంచో చేసే పని, ఖర్చు లేదు, బాగా పనిచేస్తుంది. వాన పడేటప్పుడు చూరు కిందకి జరపండి. పుల్ల కాస్త ఆరినట్టు వచ్చాకే మళ్ళీ నీళ్ళు. పరిస్థితి మరీ విషమంగా ఉంటే వేళ్ళ ముద్దని కదపకుండా ఇంకాస్త పెద్ద కుండీలో దించి, చుట్టూ ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి పెద్ద గుళికలు నింపండి.

నల్లికీ పేనుబంకకీ మొదటి మందు నీళ్ళే. పైపుతో ఆకుల అడుగు భాగం తడిసేలా, చిగుళ్ళు చిరగనంత వేగంతో, రెండు మూడు రోజులకోసారి కడగండి. మట్టి మీద గుడ్డ కప్పితే కుండీ మరీ తడవదు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కలవడానికి కొన్ని చుక్కల సబ్బు ద్రావణం వేసి సాయంత్రం పూట కొట్టండి. ముందు రెండు ఆకుల మీద కొట్టి ఒక రోజు ఆగి చూడండి, మేపుల్ లేతాకు నూనెకి మాడే అవకాశం ఉంది. 30 డిగ్రీలు దాటిన రోజుల్లో వద్దు. పేనుబంకకి వాడే ఇమిడాక్లోప్రిడ్‌తో నల్లి చావదు, పైగా కొన్నిసార్లు పెరుగుతుంది. నల్లి పురుగు జాతి కాదు, సాలీడు వర్గానిది.

మచ్చ తెగుళ్ళకి రాలిన ఆకులు ఏరేయడం, కొమ్మల మధ్య గాలి ఆడనివ్వడం, సాయంత్రం ఆకుల మీద నీళ్ళు పోయకపోవడం చాలు. బూడిద తెగులు ముదిరితే నీటిలో కలిసే గంధకం వాడొచ్చు. నూనె కొట్టిన రెండు వారాల లోపు మాత్రం గంధకం కొట్టకూడదు, ఆకు కాలిపోతుంది.

వెర్టిసీలియం అనుమానం ఉన్న కొమ్మని కోసి, కోతని చూడండి. బెరడు కింద చెక్కలో ముదురు ఆకుపచ్చగానో, గోధుమగానో మరకలు, చారలు ఉంటే అదే. దీన్ని నయం చేసే మందు లేదు. ఆ కొమ్మని మంచి చెక్క కనిపించే దాకా తీసేయండి, కోత కోతకీ కత్తెరని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. ఆ చెట్టుని మిగతా వాటికి దూరంగా పెట్టండి. ఒకవేళ చెట్టు పోతే, ఆ మట్టి ఇంకో మొక్కకి వాడొద్దు, కంపోస్టులో కూడా వేయొద్దు. కొన్ని చెట్లు ఒకటి రెండు కొమ్మలతో బయటపడి ఏళ్ళ తరబడి బతుకుతాయి.

మంచు దెబ్బ తిన్న చిగుళ్ళకీ, కలుపు మందు తుంపరకీ చేయగలిగింది తక్కువ. తుంపర పడిందని వెంటనే తెలిస్తే ఆకులు కడగండి. మంచు పడే రాత్రుల్లో కుండీని గ్యారేజ్‌లో పెట్టి, పొద్దున్నే బయటికి తీసుకురండి. చెట్టుకి బలం ఉంటే నిద్రలో ఉన్న మొగ్గల నుంచి రెండో విడత చిగురు వేస్తుంది.

ఆరో అడుగు: కోలుకునే దాకా

మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. ఆకుని కాదు, ఆకు కాడ మొదట్లో ఉండే మొగ్గని చూడండి. మేపుల్‌కి మొగ్గలు జంటగా, ఎదురెదురుగా ఉంటాయి. అవి బిగువుగా ఉండి, పక్కనే బెరడు మీద గోరుతో చిన్నగా గీకితే పచ్చదనం కనిపిస్తే కొమ్మ బతికే ఉంది. ఇంకో గుర్తు: ఎండిన ఆకు తాకగానే రాలితే కొమ్మలో జీవం ఉండి దాన్ని వదిలించుకుంటోందని అర్థం. లాగినా రాకుండా అంటిపెట్టుకుని ఉంటే, చాలాసార్లు కొమ్మ ఒక్కసారిగా చచ్చిపోయి ఉంటుంది.

సగానికి పైగా పచ్చగా ఉన్న ఆకుల్ని తెంపకండి, చెట్టుకి తిండి అవే. జబ్బు చెట్టుకి ఆకారం కోసం తీగె చుట్టడం, ఆకులన్నీ దూయడం, గట్టి కత్తిరింపులు ఈ ఏడాదికి మానేయండి.

హైదరాబాద్, విజయవాడల్లో ఆన్‌లైన్‌లో కొన్న జపనీస్ మేపుల్ ఏటా మేలో మాడుతోందంటే మీ పెంపకంలో లోపం లేదు. మన మైదానాల్లో దానికి కావలసిన చలికాలం లేదు, పైగా వడగాలి ఉంది. అక్కడ బోన్సాయ్ మీద ఇష్టం ఉంటే జువ్వి, రావి, చింత హాయిగా పెరుగుతాయి. నీలం రంగు మేపుల్ విత్తనాలని అమ్మేవి మాత్రం కొనకండి, అలాంటి చెట్టే లేదు.

కొత్త చిగురు వచ్చి ఆకు గట్టిపడే దాకా ఎరువు వద్దు. ఆ తర్వాత మామూలు మోతాదులో సగంతో మొదలుపెట్టండి. మట్టి మార్చాల్సిన చెట్టయితే వచ్చే వసంతం దాకా ఆగి, మొగ్గలు ఉబ్బి ఇంకా విచ్చుకోని ఆ కొద్ది రోజుల్లో మార్చండి. కుళ్ళిన వేళ్ళని అప్పుడు కత్తిరించి, జల్లించి దుమ్ము తీసేసిన అకడామా, ప్యూమిస్, లావా రాయి గుళికల్లో నాటండి. చిగుళ్ళు విచ్చుకునే దాకా మంచూ గాలీ తగలని చోట ఉంచండి.